వెనక సీటు వాళ్ల మాట

ఛందస్సు గురించో, పాత కథల గురించో రాసుకునే ఈ చోట డీజిలు పొగ ఏమిటని మిత్రులు ముక్కు మూసుకోవచ్చు. మూసుకున్నా ఫరవాలేదు, చదవడానికి కళ్లు చాలు. రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనుక టపా కాస్త పొడవుగానే ఉంటుంది. ఓపిక పట్టగలరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దేశంలో చిన్న డీజిలు కార్ల మంచిచెడ్డలను దాదాపు ఇరవయ్యేళ్ల పాటు ముందు సీట్లో, అందులోనూ కుడివైపు కూర్చున్నవాళ్లే తేల్చారు. పికప్పు ఎంత, మలుపులో బండి ఎలా నిలబడుతుంది, గేరు ఎంత మెత్తగా పడుతుంది, ఇవే కొలతలయ్యాయి. ఆ కార్లను కొన్నది మాత్రం ఇంటిల్లిపాదీ ఎక్కడానికి. వెనక కూర్చున్నవాళ్లను పిలిచి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగి ఉంటే మంచి కార్ల వరుస తలకిందులయ్యేదని నా వాదన.

ఈ వాదన నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఊళ్లో దొరికింది. మాది జన్వాడ. రంగారెడ్డి జిల్లా, శంకర్‌పల్లి మండలం. ఓటు వేసేది చేవెళ్ల నియోజకవర్గంలో, గుడికి పోయేది మొయినాబాదు వైపు చిలుకూరికి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నీటిని కాపాడేందుకు 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఈ చుట్టుపక్కల 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గాలు వేసింది. 2022 ఏప్రిల్‌లో ఆ పగ్గాలను సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చేదాకా, పక్కనే గచ్చిబౌలి, కోకాపేట ఆకాశానికి ఎగబాకుతుంటే ఇటువైపు చేలూ, పూలతోటలూ, కూరగాయల మళ్లూ మిగిలాయి. (మధ్యమధ్య శ్రీమంతుల ఫామ్‌హౌసులు మొలిచాయి. అది వేరే పురాణం, ఇప్పుడు విప్పను.)

పల్లె పల్లెగానే ఉండి, నగరం చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండడం వల్ల మా వైపు కారుకు ఒకటి కాదు, మూడు ఉద్యోగాలు. తెల్లవారుజామున బంతి, చామంతి మూటలు ఎక్కించుకుని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు పోవాలి. పగలు ఇంట్లో చదువుకున్న పిల్లవాడిని గచ్చిబౌలిలో ఆఫీసు దగ్గర దింపాలి. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది: అవ్వను ఆసుపత్రికి, అమ్మను చుట్టాల ఇంటికి, అందరినీ కలిపి వికారాబాదులో పెళ్లికి తీసుకుపోవాలి. ఈ మూడూ చేస్తూ నెల తిరిగేసరికి చమురు ఖర్చుతో ఇల్లు గుల్ల చేయకూడదు. పెద్ద బండి కొనే స్తోమత లేదు. అంటే చిన్నది, డీజిలుది, వెనక తలుపు పైకి లేచేది. ఈ మూడు మాటలనూ ఒకచోట చేర్చి ఆలోచించిన మొదటి బండి ఇండికా.

ఇండికాకు ముందు చిన్న డీజిలు కార్లు లేవని కాదు. 1998లో మారుతి వారు జెన్‌లో ప్యూజో ఇంజను పెట్టి అమ్మారు. చిన్న బండిలో డీజిలు ఇంజను ఇమిడింది, సంతోషమే. కానీ వెనక సీటు పిల్లలకు తప్ప పెద్దలకు పనికివచ్చేది కాదు. ఫియట్ ఊనోలోనూ డీజిలు వచ్చింది. బండి మంచిదే, కాలం కలిసిరాలేదు. ఇండికాను 1998 ఢిల్లీ వాహన ప్రదర్శనలో చూపించి, ఆ సంవత్సరం చివర, డిసెంబరు 30న అమ్మకానికి పెట్టారు. రతన్ టాటా కోరిక అందరికీ తెలిసినదే: జెన్ అంత ఒళ్లు, అంబాసిడర్ అంత లోపలి చోటు, మారుతి 800 అంత ధర, డీజిలు అంత ఖర్చు. ఆస్ట్రేలియాలో నిస్సాన్ వారు మూసేసిన కర్మాగారం నుంచి యంత్రాలు కొని తెచ్చి పుణెలో బిగించారు. రూపురేఖలు ఇటలీలోని తూరిన్ నగరంలోని ఒక సంస్థ దిద్దింది.

ఆ కోరికలోని నాలుగు ముక్కల్లో నన్ను ఆకట్టుకునేది అంబాసిడర్ ముక్క. మన దేశంలో కారు అంటే వెనక కూర్చునేది అన్న సంగతి అంబాసిడర్ చేసినవాళ్లకు తెలుసు, లేదా తెలియకుండానే అబ్బింది. ఎనభైలలో మారుతి వచ్చి కారును నడిపేవాడి చేతికిచ్చింది. ఇండికా మళ్లీ వెనక్కి తిరిగి చూసింది. మొదట్లో వచ్చిన బండ్ల నాణ్యత మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి, అవి నిజమే. 2001లో వీ2 పేరుతో చాలావరకు సరిదిద్దారు. ఆ తరువాతనే మా వైపు రోడ్ల మీద ఇండికాలు కనిపించడం మొదలైంది. హైటెక్ సిటీ ఉద్యోగులను రాత్రింబగళ్లు మోసిన టాక్సీలు కూడా అవే. టాక్సీ అయిందని ఇంటివాళ్లు చిన్నచూపు చూడడం తరువాతి ముచ్చట. మోతబరి బండి కనుకనే టాక్సీ అయిందని ఎవరూ అనుకోలేదు.

సరే, 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిలు వచ్చింది. ఇటలీ ఫియట్ వారి 1248 సీసీ మల్టీజెట్ ఇంజను, 75 గుర్రాల బలం. అప్పటిదాకా టర్బో లేని మామూలు ఇండికా డీజిలుకు ఉన్నది యాభై పైచిలుకు గుర్రాలు. తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. కుర్రకారు పిచ్చెక్కిపోయారు, పత్రికలు హారతి పట్టాయి. నేను కూడా నడిపి చూశాను. నడిపేవాడికి ఆనందం ఇచ్చే బండి అనడంలో సందేహం లేదు. స్టీరింగు మాట వింటుంది, బండి రోడ్డును పట్టుకుంటుంది, నూరు కిలోమీటర్ల వేగంలోనూ గాభరా పడదు.

ఇక్కడే నా పేచీ మొదలవుతుంది. స్విఫ్ట్ వెనక సీటు ఇరుకు. కిటికీ రేఖ వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది, చివర లావుపాటి స్తంభం. లోపల కూర్చున్న పొట్టి మనిషికి బయట ఏమున్నదో కనబడదు. 232 లీటర్ల డిక్కీలో రెండు పెట్టెలు పెడితే మూడోది ఒళ్లో పెట్టుకోవాలి. 2011 ఆగస్టులో కొత్త స్విఫ్ట్ వచ్చినప్పుడు బండి పొడుగయింది, డిక్కీ మాత్రం ఇంకా కుదించుకుపోయింది. పూల మూటల సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా చిన్న డీజిలు అంటే స్విఫ్టే అన్నంతగా పేరు స్థిరపడింది. ఎందుకు? తీర్పు చెప్పినవాళ్లెవరూ వెనక కూర్చోలేదు కాబట్టి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి చుట్టాల అబ్బాయి కొత్త కారులో (పేరు చెప్పను, అబ్బాయి నొచ్చుకుంటాడు) వెనక కూర్చుని చేవెళ్ల దాకా పోయి వచ్చింది. దిగగానే అన్నమాట ఇది: "ఇండ్ల గూసోవాల్నంటే ముందుగాల్ల కాళ్లు ఇంట్ల ఇడిచిపెట్టి రావాలె కొడకా." కార్ల గురించి నేను చదివిన సమీక్షలన్నిటిలోనూ ఇంత క్లుప్తమైనది మరొకటి లేదు.

ఆ మాట తరువాత నేను కనబడ్డ ప్రతి చిన్న కారునూ వెనక తలుపు తీసి చూడడం అలవాటు చేసుకున్నాను. షోరూము కుర్రాళ్లు ముందు సీట్లో కూర్చోండి సార్ అంటారు, నేను వెనక్కి పోతాను. అలా చూసి తెలుసుకున్నది ఒకటుంది. చోటును గురించి కాగితం మీది అంకెలు అబద్ధమాడతాయి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే లోపల అంత చోటు అని చదువుకున్నవాళ్లు చెబుతారు. లెక్క చూడండి. ఇండికాకు ఆ దూరం 2400 మిల్లీమీటర్లు. 2010లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలోకు 2456. పోలో ఒళ్లు కూడా పెద్దది, నాలుగు మీటర్లకు మూడు సెంటీమీటర్లే తక్కువ. అయినా వెనక కాళ్లు చాపుకునే చోటు ఇండికాలోనే ఎక్కువ. పోలో పొడవంతా మూతిలోకీ, తలుపుల మందంలోకీ, ముందు సీట్ల దర్జాలోకీ పోయింది. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు వినసొంపుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ చప్పుడుకు వెనకవాళ్ల మోకాళ్లు అద్దె కట్టాయి.

హ్యుందాయ్ ఐ20లో ఈ దూరం 2525, అది నిజంగానే లోపల కనబడుతుంది. వెనక ముగ్గురు మనుషులు మనుషుల్లాగే కూర్చోవచ్చు. 1.4 లీటర్ల డీజిలు ఇంజనుకు 90 గుర్రాలు. అయితే మెత్తటి షాకబ్జార్ల వల్ల కాస్త వేగం అందుకోగానే వెనక సీటు ఉయ్యాల అవుతుంది. ఊరి రోడ్డు మీద మెత్తదనం హాయి, రహదారి మీద కడుపులో తిప్పు. 2009 జూన్‌లో వచ్చిన ఫియట్ గ్రాండే పుంటో ఇందుకు సరిగ్గా ఎదురు. గుంతల్లో వెళ్తుంటే లోపలివాళ్లకు సమాచారం అందుతుంది, దెబ్బ మాత్రం అందదు. మా శంకర్‌పల్లి రోడ్డు దుస్థితిలో ఉన్న రోజుల్లో ఈ ఒక్క గుణానికే దానికి దండం పెట్టవచ్చు. కానీ 2510 మిల్లీమీటర్లు పెట్టుకుని కూడా వెనక చోటు విషయంలో పిసినారితనం చూపించింది. ఇటలీవాళ్లు అందగాళ్లే కానీ అత్తగారిని కారెక్కించుకునే అలవాటు తక్కువేమో!

2010 మార్చిలో వచ్చిన ఫోర్డ్ ఫిగో నా మట్టుకు నాకు ఆ దశాబ్దపు అతి న్యాయమైన బండి. 2489 మిల్లీమీటర్ల దూరాన్ని దాదాపు పూర్తిగా మనుషులకే ఇచ్చింది. డిక్కీ 284 లీటర్లు. ఒకే బండిలో నడిపేవాడికీ, వెనక కూర్చునేవాళ్లకూ, సామానుకూ తలా ఒక వాటా దొరికింది. చూడడానికి మామూలుగా ఉంటుంది, లోపలి ప్లాస్టిక్కు మరీ మామూలు. దాని లోపం వేరేచోట ఉంది. ఎత్తు తక్కువ, 1427 మిల్లీమీటర్లే. లోపల కూర్చున్నాక హాయి. కూర్చోవడానికి మాత్రం ఒంగాలి, లేవడానికి ఎవరైనా చెయ్యి అందించాలి.

సుఖం అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఈ ఎక్కడం, దిగడం ఎవరి లెక్కలోకీ రాదు. సీటు మెత్తదనం, ఏసీ చల్లదనం, రోడ్డు చప్పుడు అంటారు. అరవై దాటినవాళ్లకు ప్రయాణంలో కష్టమైనవి మొదటి నిమిషమూ, చివరి నిమిషమూ. సీటు సరిగ్గా మనిషి మోకాలికి కొంచెం పైన, తుంటికి కొంచెం కింద ఉంటే పక్కకి జరిగి కూర్చోవచ్చు. మరీ కిందికి ఉంటే బావిలోకి దిగినట్టు దిగాలి. పెద్ద జీపుల్లో లాగా మరీ పైన ఉంటే చెట్టెక్కినట్టు ఎక్కాలి. ఈ కొలతలో అందరినీ ఓడించినది ఎవరూ పెద్దగా పట్టించుకోని రిట్జ్. 2009 మేలో వచ్చింది. ఎత్తు 1620 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ కంటే తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ. వెనక నుంచి చూస్తే రూపం బాగోలేదని నవ్వారు. చక్రాల మధ్య దూరం 2360 మాత్రమే, ఆ దూరం లెక్క నేను చెప్పిన బండ్లన్నిటిలోకీ తక్కువ. కానీ మనుషులను కుర్చీలో కూర్చోబెట్టినట్టు నిటారుగా కూర్చోబెట్టడం వల్ల ఆ తక్కువ చోటే సరిపోయింది. లోపల అదే స్విఫ్ట్ ఇంజను. ఒకే కంపెనీ, ఒకే ఇంజను, ఇంచుమించు ఒకే ధర. ఒకటి నడిపేవాడి కోసం, ఒకటి కూర్చునేవాళ్ల కోసం. ఏది ఎక్కువ అమ్ముడుపోయిందో వేరే చెప్పాలా?

"ఏడాదిలో మూడు వందల రోజులు ఒక్కడే నడుపుకునే బండికి వెనక సీటు పంచాయితీ ఏమిటి" అని మా తమ్ముడి వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్కడికే అయితే మోటారు సైకిలు ఉన్నది కదా, దాన్ని కాదని కారు కొన్నది ఆ మిగిలిన అరవై అయిదు రోజుల కోసమే. ఇంట్లో కారు కొందామన్న మాట లేచిన రోజున అందరూ తలచుకున్నది అవ్వనూ, పెళ్లిళ్లనూ. షోరూముకు వెళ్లేసరికి మాత్రం అందరూ బయట నిలబడ్డారు, ఒక్కడు స్టీరింగు పట్టుకున్నాడు.

ఇహ సామర్థ్యం. ఇక్కడ కూడా వెనక సీటు వాళ్లకు చెప్పవలసినది ఉంది. అప్పా కూడలి నుంచి మొయినాబాదు, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా బీజాపూర్ రహదారి పక్కన మర్రిచెట్లు ఉన్నాయని మీరెరుగుదురు. నేను చెబుతున్న కాలంలో అది రెండు వరుసల దారి. ఎదర ఇటుకల లారీ, వెనక బస్సు, ఎదురుగా మర్రి నీడలో లైటు వేయని ట్రాక్టరు. ఇలాంటిచోట గుర్రాల లెక్క అక్కరకు రాదు. టార్కును తెలుగులో ఏమనాలో నిఘంటువులు తేల్చేలోపు మా మెకానిక్కు "లాగుడు" అనేశాడు. అదే వాడతాను. ఎంత తక్కువ చక్కర్లలో ఎంత లాగుడు వస్తుందన్నదే ఇక్కడ ప్రాణాధారం.

స్విఫ్ట్, రిట్జ్, పుంటో, ఇండికా విస్తా, అన్నిట్లోనూ అదే మల్టీజెట్. అందుకే దాన్ని వేళాకోళంగా జాతీయ ఇంజను అనేవారు. నిమిషానికి 2000 చక్కర్ల దగ్గర 190 న్యూటన్ మీటర్ల లాగుడు ఇస్తుందని స్విఫ్ట్ కాగితం చెబుతుంది. నిజమే. ఆ రెండు వేలకు ముందు మాత్రం అది కుంభకర్ణుడు. లారీ వెనక మూడో గేరులో నెమ్మదిగా వస్తూ సందు దొరకగానే తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, మరుక్షణం అంతా ఒకేసారి జరుగుతుంది. నడిపేవాడికి అది ఉత్సాహం, అతనికి ముందే తెలుసు కనుక. వెనక నిద్రపోతున్న ముసలివాళ్ల తల సీటుకు కొట్టుకుంటుంది. అలవాటైనవాడు గేరు ఒకటి తగ్గించి దాటుతాడు. అలవాటు లేనివాడు దాటడం మొదలుపెట్టి సగంలో ఆలోచిస్తాడు. ఫిగో 1.4 లీటర్ల ఇంజనుకు కాగితం మీద 69 గుర్రాలే, 160 న్యూటన్ మీటర్లే. పందెంలో స్విఫ్ట్ ముందు నిలవదు. కానీ ఆ లాగుడు కింది నుంచీ నెమ్మదిగా, ఒద్దికగా వస్తుంది. ఎడ్లబండి తోలినవాడికి ఈ తేడా వివరించనక్కరలేదు. టర్బో లేని పాత ఇండికాలో కుదుపూ లేదు, బలమూ లేదు. అయిదుగురితో లారీని దాటాలంటే ఏసీ కట్టేయడం డ్రైవర్లకు అలవాటు.

బలమే కావాలంటే 2007లోనే గెట్జ్‌లో 1.5 లీటర్ల డీజిలుకు 110 గుర్రాలు పెట్టారు. అంత చిన్న బండిలో అంత బలం అప్పట్లో వింత. ఎక్కువమంది కొనలేదు. మూడు సిలిండర్ల డీజిళ్లయిన పోలో 1.2, ఫాబియా 1.4, బీట్‌ల గురించి ఒక్క మాట చాలు: ఆగి ఉన్నప్పుడు కాళ్ల కింద పిండిమర తిరుగుతున్నట్టుంటుంది.

ఇంతకీ ఈ బండ్లన్నీ ఎందుకు ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి, ఎందుకు ఒక్కసారిగా మాయమయ్యాయి? సుఖానికీ, చోటుకూ, బలానికీ దీనితో సంబంధం లేదు. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించారు. ఆ తరువాత కంపెనీలు టేపు పట్టుకుని నాలుగు మీటర్ల దగ్గర గీత గీశాయి. 2010 జూన్‌లో పెట్రోలు ధరను మార్కెట్టుకు వదిలేసి డీజిలును మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంచారు. 2012 మేలో పెట్రోలు ఒక్క రాత్రిలో లీటరుకు ఏడున్నర రూపాయలు పెరిగింది. లెక్కకు పెట్రోలు 80, డీజిలు 45 అనుకోండి. పెట్రోలు బండి 15 కిలోమీటర్లు, డీజిలు బండి 20 ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు మూడు రూపాయలు మిగులుతుంది. డీజిలు బండికి లక్ష రూపాయలు ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి 32 వేల కిలోమీటర్ల పైచిలుకు. పూల మూటలు మోసేవాడికి రెండేళ్ల పని. కొండాపూరులో ఇల్లు, మాదాపూరులో ఆఫీసు ఉన్నవాడికి అయిదారేళ్లు. వీళ్లిద్దరూ ఒకే వరుసలో నిలబడి అదే బండి కొన్నారు. రైతు మోటారుకూ, బస్సుకూ, లారీకీ అని తక్కువ ధరకు అమ్మిన డీజిలును అవసరం లేనివాళ్లు తాగేశారన్నది నా ఫిర్యాదు. 2013 జనవరి నుంచి డీజిలును నెలకు కొంచెం కొంచెంగా పెంచుతూ, 2014 అక్టోబరులో పూర్తిగా మార్కెట్టుకు వదిలేశారు. 2024 ధరలు హైదరాబాదులో సుమారుగా 107, 95. ఇంజన్లు కొంత మెరుగుపడి 17, 21 ఇస్తాయనుకున్నా, అదే లక్ష తిరిగి రావడానికి 56 వేల కిలోమీటర్లు పడుతుంది. అప్పుడు మొదటగా వెనక్కి తగ్గింది కొండాపూరు మనిషే.

2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్ 6 నియమాలు మిగిలిన పని పూర్తి చేశాయి. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ పెట్టాలి. ఆరు లక్షల బండికైనా, పదహారు లక్షల బండికైనా ఆ సరంజామా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. చిన్న బండి ఆ బరువు మోయలేదు. పైగా ఆ జల్లెడ శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు రహదారి మీద వేగంగా, తెరిపి లేకుండా పోవాలి. ఊళ్లో పాల కేంద్రానికీ, బడికీ తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. మారుతి వారు 2019లోనే చెప్పి మరీ డీజిలు మానేశారు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీయే ఆపుతున్నట్టు ప్రకటించింది. పోలో 2022లో ముగిసింది. ఊపిరితిత్తుల వైపు నుంచి చూస్తే మంచిదే. ఆ పొగను నేను ఎన్నడూ వెనకేసుకు రాలేదు.

నా బాధ డీజిలు పోయిందని కాదు, దానితోపాటు ఒక ఆలోచన కూడా పోతున్నదని. తక్కువ డబ్బులో ఇంటిల్లిపాదికీ చోటు అన్న ఆలోచన. ఇప్పుడు మా రోడ్డు మీద అందరివీ ఎత్తుగా, కోపంగా చూసే బండ్లు. వాటిలో చాలావాటికి వెనక కిటికీలు స్విఫ్ట్ కంటే సన్నం. ఇండికా వంశంలో పుట్టిన ఆల్ట్రోజ్ ఒకటి మాత్రం 2020 జనవరిలో వచ్చింది, 1.5 లీటర్ల డీజిలుతో కూడా. 2025లో దాని కొత్త రూపం వచ్చినప్పుడూ ఆ డీజిలును ఉంచారు. దాని తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి. అంటే పూర్తిగా అడ్డం తొలగిపోతాయి. ముసలివాళ్లు చేతికర్రతో సహా నిలబడి, తిరిగి, కూర్చోవచ్చు. ప్రకటనల్లో పాటలూ, తెరలూ చూపించారు కానీ నాకైతే ఆ తలుపు ఒక్కటే వార్త.

భద్రత గురించి చెప్పకపోతే వాదన కుంటుతుంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు మన చిన్న కార్లు అయిదింటిని గోడకు గుద్ది చూశారు. గాలి సంచులు లేని ఆ బండ్లన్నిటికీ సున్నా చుక్కలే వచ్చాయి, ఫిగో, పోలోలతో సహా. ఈ రెండింటి ఒళ్లు మాత్రం గట్టిగా నిలబడింది. పోలోకు రెండు గాలి సంచులు పెట్టి మళ్లీ గుద్దితే నాలుగు చుక్కలు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో స్విఫ్ట్‌కూ సున్నాయే. ఆల్ట్రోజ్‌కు 2020లో అయిదు. పోలో తలుపు బరువును నేను ఎగతాళి చేశాను కానీ, ఈ ఒక్క విషయంలో ఆ బరువుకు అర్థముంది. పాత బండి కొనేవాళ్లు గాలి సంచులున్న రకమే చూసుకోండి. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోమని అవ్వకు చెప్పండి. తిడుతుంది, అయినా చెప్పండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాశానంటే మా పక్కింటి పిల్లవాడు పాత డీజిలు బండి కోసం తిరుగుతున్నాడు. చామంతి తోట ఉంది, రోజూ గుడిమల్కాపూరు పోవాలి, వాళ్ల అవ్వకు వారానికి రెండుసార్లు ఆసుపత్రి. చేతిలో మూడు లక్షలు దాటవు. వాడి మనసు స్విఫ్ట్ మీద ఉంది. చల్లటి ఇంజను మీద స్టార్టు చేసి చూడు, యాక్సిలరేటరు తొక్కితే నల్లపొగ వస్తున్నదా గమనించు, క్లచ్చి ఎంత పైన పడుతున్నదో చూడు, పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్‌లో ఎన్నేళ్లు మిగిలాయో కాగితం అడుగు, అని చెప్పాను. స్విఫ్ట్‌కు ఉన్న ఇంజనే రిట్జ్‌కూ ఉంది కనుక సామాను ఏ షెడ్డులోనైనా దొరుకుతుంది, సీట్లు మడిస్తే మూటలు పడతాయి, అని కూడా చెప్పాను. "రిట్జా? దోస్తులు నవ్వుతరు పెదనాయినా" అన్నాడు. ఈ ఆదివారం శంకర్‌పల్లిలో రెండు బండ్లూ చూడబోతున్నాడు. అవ్వను వెంట తీసుకుపొమ్మన్నాను, బేరం చివరిదాకా ఆమెను వెనక సీట్లోంచి దించవద్దన్నాను.